కీ ఇచ్చిన క్లాక్ స్ప్రింగ్

నేను ఒక క్లాక్ స్ప్రింగ్‌ని. పేరు విని మోసపోకండి, నాలో గడియారం లేదు. కారు స్టీరింగ్ వెనక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో చుట్టిపెట్టిన పలుచటి రాగి పట్టీని. హారన్‌కూ, గుద్దుకున్నప్పుడు ఉబ్బి మనిషి రొమ్ముకు అడ్డుపడే ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు నా గుండానే పోవాలి. చక్రం కుడికి తిప్పితే బిగుసుకుంటాను, ఎడమకు తిప్పితే వదులవుతాను. అందుకే నన్ను నడిమధ్యకు తెచ్చి బిగించాలి. అటు ఎంత జాగా ఉంటే ఇటూ అంతే ఉండాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం సరిగా సాగినంతకాలం ఎవరికీ నష్టం లేదు.

ఫ్యాక్టరీలో నన్ను చుట్టిన అమ్మాయి నడిమి గుర్తు చెదరకుండా ఒక పసుప్పచ్చ పిన్ను గుచ్చింది. కారులో బిగించగానే దాన్ని పీకి పారేశారు. నా మొదటి యజమాని వేరుశనగ వ్యాపారి. బర్రె అడ్డొచ్చినా, పెళ్లి ఊరేగింపు అడ్డొచ్చినా, సొంత ఇంటి గేటు తీయడం ఆలస్యమైనా హారనే. కోపం ఆయనది, అరుగుదల నాది. ఇంజన్ కాలిపోయాక కారు పాత సామాన్ల అంగడికి చేరింది. నన్ను ఊడదీసి అటక మీద పడేశారు. కరెంటు లేని నాకు ఎండా వానా ఒకటే. ఎన్నాళ్లున్నానో అడిగితే చెప్పలేను.

అక్కడి నుంచి నన్ను తెచ్చుకున్నవాడు మదనపల్లెలో గడియారాలు బాగుచేసే రెడ్డెప్ప. జనం టైము ఫోన్లలో చూసుకోవడం మొదలయ్యాక ఆయన అంగడి అలవాటు కొద్దీ తెరుచుకుంటోంది. ఇల్లు నడిచేది భార్య చంద్రకళ నడిపే బాడుగ కారు మీద. ఆమె హార్సిలీ కొండకు మనుషుల్ని తీసుకుపోతుంది. ఆ కారులో హారన్ మూగబోయింది, ఎయిర్‌బ్యాగ్ ఎర్రదీపం ఆరకుండా వెలుగుతోంది. హారన్ లేకుండా ఆ కొండ మలుపులు ఎక్కడం ప్రాణాలతో బేరమే. మెకానిక్ చూసి క్లాక్ స్ప్రింగ్ పోయిందన్నాడు. ఆ మాట చెవిన పడగానే రెడ్డెప్ప లేచి నిలబడ్డాడట.

"క్లాక్ స్ప్రింగా? మేయ్ కళా, ఇంటివా? ఇన్నేండ్లుగా నేను జేస్తా ఉండేది అదే గదా!"

"అది గడియారం గాదయ్యో, కారు. ఆ గాలిసంచి మొగం మీద పేలిందంటే గడియారం కట్టుకునేదానికి నీకు చెయ్యి గూడా మిగల్దు."

"బ్యాటరీ వైరు పీకి, కొంచేపు ఆగినాకనే ముట్టుకుంటాలే. ఈ ఒక్క పని నాకియ్యి."

ఆమె ఆయన ముఖంలోకి చూసి స్పానరు అందించింది. అక్కడ బాగుపడాల్సింది కారొక్కటే కాదని ఆమెకు తెలుసు.

ఆయన ఎయిర్‌బ్యాగును చంటిబిడ్డను దించినట్టు దించాడు. చక్రం ఊడదీసి, తెగిన పాతదాన్ని తీసి, నన్ను చేతిలోకి తీసుకున్నాడు. వదులుగా తిరుగుతున్నాను. కీ ఇవ్వని స్ప్రింగు ఆయన లెక్కలో చచ్చిన స్ప్రింగు. కుడికి తిప్పడం మొదలుపెట్టి, ఇక తిరగనంతవరకూ మెత్తగా, ముద్దుగా తిప్పాడు. నాలో హారన్‌కు దారి ఉంది గానీ, 'చాలు' అనే మాటకు దారి లేదు. అలాగే బిగించేశాడు.

ఎర్రదీపం ఆరింది. హారన్ మోగింది. పక్కింటి మాబున్నీ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏం రెడ్డెప్పన్నా, సచ్చిన కారుకు పానం పోస్తివే!"

"గడియారాలోడంటే ఏమనుకుంటివి మరి!" అని ఆయన ఇంకోసారి హారన్ కొట్టాడు. అవసరం లేదు, అయినా కొట్టాడు.

మరునాడు కొండకు మనుషులున్నారు. ఇరుకు సందులోంచి కారు బయటికి తీస్తూ చంద్రకళ చక్రం కుడికి తిప్పింది. ఇవ్వడానికి నా దగ్గర కొసరంత వదులు కూడా లేదు. మొదట్లోనే తెగిపోయాను. నొప్పి తెలియలేదు. కరెంటు ఆగిందంతే. దీపం వెలిగింది, హారన్ మోగలేదు. ఇదే కొండ మలుపులో జరిగుంటే అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆమె ఫోన్ చేసి ఆ బాడుగను ఇంకో డ్రైవరుకు అప్పజెప్పింది.

రెడ్డెప్ప నన్ను విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. పట్టీ అంతా గట్టిగా చుట్టుకుపోయి ఉంది.

"మళ్లీ ఏమాయ రెడ్డెప్పన్నా?" గోడ మీద మాబున్నీ.

ఆయన నోరు తెరిచేలోపే చంద్రకళ అందుకుంది. "పాత సామాను గదక్కా, లోపలే కుళ్లిపోయుండాది. మా ఆయన సక్కంగానే బిగిచ్చినాడు." ఆ తరవాత గొంతు తగ్గించి భర్తతో అంది: "కొత్తది తెచ్చుకుందాం. నడిమికి తెచ్చి బిగియ్యల్లంట, మెకానిక్కును అడిగినా. కొసదాకా తిప్పాకు. నువ్వే బిగియ్యి."

ఆయన అద్దం తీసి పైపంచెతో తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాన్నేనా అని నేను చెప్పలేను.

నన్ను పాత ఇనుము డబ్బాలో వేశారు. నాలో కుళ్లేమీ లేదు. ఆమె చెప్పింది అబద్ధం. దాన్ని మోయడానికి నాకు కరెంటు అక్కర్లేదు.