పన్నెండు మధ్యాహ్నాలు

పోలేరమ్మ నెలలో పన్నెండు రోజులు మాత్రమే వచ్చేది. మధ్యాహ్నం రెండున్నరకి, నేను డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిన్నాక, హాల్లో ఫ్యాను కింద ఉన్న నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. కళ్ళతో చూశానని చెప్పను, ఒక్కసారి కూడా చూడలేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే వెనక కుర్చీ కిర్రుమనేది. వచ్చి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. సీటు మీద మాత్రం తడి. చెయ్యి పెడితే ఐసునీళ్ళంత చల్లగా ఉండేది. వేళ్ళు వాసన చూసుకుంటే చేపల వాసన. మా ఇంట్లో ఆ వారమంతా చేప వండి ఉండేదాన్ని కాదు.

మా ఆయన ఫిన్నీకి చెప్పాను. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేసి దిగిన మనిషి, ఏ మాటకైనా జవాబు జేబులోనే ఉంటుంది.

"ఏసీ కారుతుందేమో."

"ఏసీ పడగ్గదిలో ఉందండీ. కుర్చీ హాల్లో ఉంది."

"అయితే నువ్వే తడిగుడ్డ పడేసి మర్చిపోయుంటావు. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నావుగా."

అది నిజం. నిజమైనందుకే ఆయన మీద ఒంటికాలి మీద లేచాను.

నా పేరు హెప్సిబా. పాతికేళ్ళుగా ఏఎన్ఎంని. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణుల్ని చూడడం, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళ బాగోగులు కనుక్కోవడం నా ఉద్యోగం. వయసు యాభై రెండు. నోరు పెద్దది, ఆ సంగతి నాకూ తెలుసు. ఏడాదిన్నర కిందట నెలసరి ఆగిపోయింది. ఆగాక మొదలైంది అసలు సంగతి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆటోలో ఊరికే కూర్చుని ఉంటే మెడ నుంచి నడినెత్తి దాకా సెగ లేచేది. జాకెట్టు తడిసిపోయేది. నిద్ర లేదు. మోకాళ్ళు పట్టేసేవి. ఒకరోజు టీకాల దగ్గర ఓ పసిపిల్ల తొడ పట్టుకుని, చేతిలో ఉన్న సూది ఏ మందుదో గుర్తురాక అలాగే నిలబడిపోయాను. భయం వేసింది. ఆ సాయంత్రమే డాక్టర్ పద్మశ్రీ గారి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ రెండు మందులిచ్చారు. రోజూ చేతికి రాసుకునే హార్మోన్ జెల్ ఒకటి, నెలలో పన్నెండు రోజులు పడుకునే ముందు వేసుకునే కాప్సూల్ ఒకటి. గర్భసంచి ఉన్నవాళ్ళకు జెల్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందంగా పెరిగి ముప్పు తెస్తుందనీ, దాన్ని అదుపులో పెట్టడానికే కాప్సూలనీ చెప్పారు. జెల్ దేవుడిచ్చిన మందు. మూడు వారాల్లో సెగలు తగ్గాయి, నిద్ర పట్టింది, మనిషినయ్యాను.

కాప్సూల్ మాత్రం నాకు పడలేదు. వేసుకున్న రెండో రోజుకే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. కడుపుబ్బరం, కళ్ళు తిరగడం. కూరగాయల బండి అతను "ఏం కావాలమ్మా" అంటే ఏడుపొచ్చేది. బతకడం దండగ అనిపించేది. పదమూడో రోజుకు అంతా తీసేసినట్టు పోయేది. కుర్చీ కిర్రుమనేది కూడా ఆ పన్నెండు రోజుల్లోనే. డాక్టరు గారు బిళ్ళ మార్చారు. తర్వాత అదే కాప్సూల్ మింగకుండా కింద నుంచి పెట్టుకోమన్నారు. ఏం మారలేదు. కుర్చీ సంగతి ఆవిడకు చెప్పలేదు. "మనసు బాగోదండీ" అని ఊరుకున్నాను.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడ తెల్ల కాగితం మీద బొమ్మ గీశారు.

"ఇంకా రెండు దారులున్నాయండీ. ఒకటి హార్మోన్ లూప్. గర్భసంచిలోనే ఉండి కొంచెం కొంచెంగా మందు వదులుతుంది, ఒంట్లోకి తక్కువ వెళ్తుంది. చాలామందికి పడుతుంది, కొందరికి అదీ పడదు. రెండోది ఆపరేషన్. గర్భసంచే లేకపోతే కాప్సూల్ అవసరం లేదు, జెల్ ఒక్కటే సరిపోతుంది. కానీ అది పెద్ద ఆపరేషన్. రక్తం పోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, మూత్రాశయానికి దెబ్బ తగలొచ్చు. ఎక్కువమందికి కాదు, కొందరికి అవుతాయి. తీసేశాక మళ్ళీ పెట్టలేం. లూప్ చూశాకే ఆపరేషన్ మాట ఎత్తుదామంటాను."

"తియ్యకపోతే ఏమవుతుందండీ?"

"ఏమీ కాదు. మీ గర్భసంచి బాగుంది. మందు పడట్లేదు, అంతే."

"అయినా తీసేయండి."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "మీరే ఇంత తొందరపడితే ఎలాగండీ? నెల రోజులు టైం తీసుకోండి. ఎందుకు తీయించుకోవాలనుకుంటున్నారో మీకు మీరే ఒక వాక్యం రాసుకుని రండి."

ఇంటికొచ్చి చెప్తే ఫిన్నీ, "తీయించేసుకో, ఓ పనైపోద్ది" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాట ఆయనది కాదు. నాది.

దివిసీమలో, నాగాయలంక దాటాక, సముద్రం దగ్గరున్న ఓ చేపల పల్లెలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. అక్కడ ఆడవాళ్ళకు చేపతోనే పని. ఎండబెట్టడం, ఐసు వేసి ట్రేలకెత్తడం, ఊళ్ళ మీద అమ్ముకురావడం. ముట్టయితే మూడు రోజులు చేప తాకనివ్వరు, పడవ దరిదాపులకు రానివ్వరు. క్రమం తప్పి పది రోజులు కనబడితే పది రోజులూ ఇంట్లోనే. అందుకని గర్భసంచి వదిలించుకోవాలని వాళ్ళకే ఉండేది. నేను మాట సాయం చేశాను. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ప్రతి మనిషితోనూ, "పుచ్చిందేమోనమ్మా, ఊరుకుంటే కాన్సరయిద్ది. పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకది? తీయించేసుకో, ఓ పనైపోద్ది" అనేదాన్ని. పట్నంలో ఓ చిన్న నర్సింగ్ హోము ఉండేది. అక్కడి డాక్టరు స్కానింగ్ చూడకముందే తలూపేవాడు. నేనే ఆటో మాట్లాడి, ఎక్కించి, తీసుకెళ్ళేదాన్ని. ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదు. ఆ గర్వం ఒకటి ఉండేది నాకు. నేను చెప్పింది మంచే అని నిజంగా నమ్మాను.

అలా నేను ఆటో ఎక్కించినవాళ్ళలో పోలేరమ్మ ఒకతె. అప్పుడు ఇరవయ్యేడేళ్ళు. నల్లగా, పుష్టిగా ఉండేది, నవ్వితే రెండు వీధుల అవతలికి వినపడేది. ఆపరేషన్ కాగితాల మీద వేలిముద్ర నేనే వేయించాను, పక్కన సాక్షి సంతకం నేనే పెట్టాను. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఎందుకని నేను అడగలేదు.

ఆరు నెలలు తిరక్కుండా సబ్‌సెంటర్‌కి రావడం మొదలుపెట్టింది. "నర్సమ్మ గారూ, ఒళ్ళు మంటలండీ. మెడ కాలిపోతందండీ." చేపల ట్రేలోంచి ఐసు ముక్కలు గుప్పిట్లో పట్టుకొచ్చి, నా ఎదుటి కుర్చీలో కూర్చుని మెడకీ గుండెలకీ రుద్దుకునేది. నీళ్ళు కారి కుర్చీ తడిసేది. "ఏం లేదు, నీ భ్రమ" అని బి కాంప్లెక్స్ బిళ్ళలు చేతిలో పెట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం బయట చాలామంది ఉన్నారు, నాకు విసుగ్గా ఉంది. "కుర్చీ అంతా తడి, చేపల కంపు. లే, కింద కూర్చో" అన్నాను. ఆమె లేచింది. కొంగుతో కుర్చీ తుడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. తర్వాత నాకు విజయవాడ బదిలీ అయింది.

నా ఒంటికి సెగ తగిలేదాకా ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నేను రాసుకుంటున్న జెల్ లాంటిదేదో, అండాశయాలు పోయిన ఆమెకు ఇరవయ్యేడో ఏటే కావాల్సింది.

డాక్టరు గారు చెప్పిన వాక్యం రాయడానికి కూర్చున్నాను. 'కాప్సూల్ పడట్లేదు కనుక' అని రాసి కొట్టేశాను. నిజం ఏమిటంటే, కాప్సూల్ పోతే పోలేరమ్మ పోతుందని. పుండు లేని అవయవాన్ని కోయించుకుని ఒక మనిషిని వదిలించుకోవాలనుకుంటున్నాను. అసలు ఆమె ఉందో, పోయిందో కూడా నాకు తెలియదు. ఆ శనివారం ఉదయాన్నే బస్సెక్కాను.

ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక అరగంట ఆగాం. కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ దాటాయి. నాగాయలంకలో దిగి ఆటో ఎక్కాను. ఆటో అతన్ని పోలేరమ్మ ఉందా అని అడగడానికి నోరు రాలేదు.

ఉంది. ఐసు పెట్టెల షెడ్డు పక్కన, పాక ముందు కూర్చుని ఉంది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, మా అమ్మలా ఉంది. వీపు ముందుకు వంగిపోయింది. ఎడం మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. నన్ను చూసి లేవబోయి, గోడ పట్టుకుంది.

"నర్సమ్మ గారా! ఇంత దూరం వచ్చారేంటండీ?" అని లోపలికి కేకేసింది. "చిన్నీ, కుర్చీ తే."

కూతురు చిన్ని కుర్చీ తెచ్చింది. పోలేరమ్మ దాన్ని కొంగుతో తుడిచింది. సరిగ్గా అలాగే. నేను కూర్చోలేకపోయాను.

"చూసి పోదామని వచ్చాను. ఒంట్లో ఎలా ఉంది?"

"నడుం ఇరిగినట్టుంటదండీ. మంటలు మాత్రం ఇప్పుడు కాస్త తగ్గినయ్. ఎండేళకి ఐసు పెట్టుకుంటే సరిపోయిద్ది." కూతురి వైపు చూసింది. "మంచి టైంకి వచ్చారండీ. మా చిన్నిక్కూడా తెల్లబట్టండీ. నెలకి రెండుసార్లు కనబడతంది. ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు? వచ్చే వారం తీయించేద్దామనుకుంటన్నాం. మీకైతే డాక్టరు తెలుసు. కూడా రాగలరా?"

చిన్నికి ఇరవై నాలుగేళ్ళుంటాయి. గుమ్మానికి ఆనుకుని నిలబడి, తల్లి నవ్వే నవ్వుతోంది.

"వద్దు" అన్నాను. గట్టిగా అరిచినట్టున్నాను. పక్క పాకలోంచి ఎవరో తొంగి చూశారు. "తీయించొద్దు పోలేరమ్మా. మందులున్నాయి. పెద్దాసుపత్రిలో చూపించి, పరీక్షలు చేయించి వాడితే తగ్గిద్ది."

"పుచ్చిపోయిద్ది కదండీ ఊరుకుంటే?"

"పుచ్చదు."

"తియ్యకపోతే ఏమయిద్దండీ మరి?"

"ఏమీ కాదు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను మాట మార్చగలను. పాతికేళ్ళు అదే చేశాను. అప్పట్లో అంతేనమ్మా, ఇప్పుడు కొత్త మందులొచ్చాయి అంటే ఆమె నమ్మేది. నన్ను ఎప్పుడూ నమ్మింది.

"అయితే నాది?" అంది మెల్లగా. "నాది తియ్యకపోతే ఏమయ్యేదండీ?"

చిన్ని నవ్వు ఆగిపోయింది. నాకు సెగ లేచింది, మెడ నుంచి నడినెత్తి దాకా.

"ఏమీ అయ్యేది కాదు పోలేరమ్మా. నీకే జబ్బూ లేదు. నేను తెలియక చెప్పాను. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు. మంటలన్నప్పుడు భ్రమ అన్నాను. అది భ్రమ కాదు, ఆ ఆపరేషన్ వల్లే. నన్ను..."

మిగతా మాట కోసం ఆమె ఆగలేదు. పక్కనున్న పెట్టె మూత తీసి, గుప్పెడు ఐసు తీసుకుని మెడ మీద పెట్టుకుంది. నీళ్ళు చేయి మీదుగా కారి నేల తడిసింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నేను తీసుకెళ్తాను" అన్నాను చివరికి. "నిన్నూ, చిన్నినీ. విజయవాడలో మంచి డాక్టరు గారు ఉన్నారు. నీ ఎముకలకీ మందులుంటాయి. ఇప్పుడే ఆటో..."

"వద్దండీ" అంది. "చిన్నిని నేనే చూపించుకుంటా, పెద్దాసుపత్రిలో. మీతో ఒకసారి బండెక్కాను కదండీ. చాలు."

నా నంబరు కాగితం మీద రాసి చిన్ని చేతిలో పెట్టి వచ్చేశాను. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

డాక్టరు గారికి వాక్యం చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను, కుర్చీతో సహా. ఆవిడ నవ్వలేదు. మనసు డాక్టరుకు కూడా ఒకసారి చూపించుకోమని చీటీ రాసిచ్చారు, చూపించుకున్నాను. ఆపరేషన్ వద్దనుకున్నాను. ముందు లూప్ వేయించుకున్నాను. తర్వాత అవసరమైతే అప్పుడు చూద్దాం, తొందరేం లేదు. లూప్ రెండు నెలలు కాస్త చిరాకు పెట్టి సర్దుకుంది. కాప్సూల్ పోయింది. గుండె మీద బరువు పోయింది. ఫిన్నీ మీద అరవడం మాత్రం పోలేదు.

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. చిన్ని.

"మా అమ్మ మీతో మాట్లాడొద్దందండీ. అయినా చేస్తన్నా. బందరు పెద్దాసుపత్రిలో చూశారండీ. ఇన్ఫెక్షనంట. మందులిచ్చారు, తగ్గింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు."

"అమ్మను చూపించావా?"

"రానందండీ."

"ఇప్పుడేం చేస్తోంది?"

"ఏముందండీ. ఐసు పెట్టుకుని కూర్చుంది."

ఫోన్ పెట్టేసి గడియారం చూశాను. రెండున్నర. కాప్సూల్ మానేసి మూడు నెలలు, కాబట్టి తప్పు మందుది కాదు. వెనక కుర్చీ కిర్రుమంది.

తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది. దాన్ని పక్కన పడేశాను. వెనక్కి తిరిగి, ఫ్యాను స్పీడు పెంచి, కుర్చీకి ఎదురుగా కింద నేల మీద కూర్చున్నాను.

"కూర్చో పోలేరమ్మా" అన్నాను. "తడిస్తే తడవనీ."