మీసాల ఓట్లు

కానాగంత చేపలు కడుగుతున్నాను. మోచేతుల దాకా పొలుసులే. పక్కింటి రోజలిన్ గోడ మీంచి తల పెట్టి, "ఏటే ధనం, మీటింగు నువ్వు కూడా వద్దనీసినావా?" అంది.

"ఏ మీటింగు?"

"మన సుక్రారం మీటింగే. ఇంక లేదంట. ఫోన్లో ఓట్లెట్టారంట, అందరం వద్దనీసినామంట. యశస్విని సెప్పింది."

యశస్విని మా డ్వాక్రా సంఘం లెక్కలు చూసే పిల్ల. చెడ్డది కాదు పాపం. వాయిదాలు కట్టడమూ హాజరూ ఫోన్లోకి వచ్చేశాయి కదా, ఆడవాళ్లకి శ్రమెందుకని మీటింగు ఉంచాలా వద్దా అని గ్రూపులో అడిగిందట.

"నానేం అన్నేదే! నువ్వన్నావా?"

"నా మొకం. ఆ ఫోను దేవకుమార్ జేబులో ఉంతాది," అంది రోజలిన్ మొగుణ్ణి తలుచుకుని.

సాయంత్రం మా ఆయన ఎల్లాజీ పోర్టు డ్యూటీ నుంచి రాగానే ఫోను అడిగి తీసుకున్నాను. గ్రూపు పేరు మహిళా శక్తి. ఓట్లు నొక్కినవాళ్ల ఫొటోలు చూస్తే అన్నీ మీసాలే! సంఘంలో చేరినప్పుడు ఇంటికో ఫోనుండేది, అందరం మొగుళ్ల నంబర్లే ఇచ్చేశాం. తర్వాత మార్పించుకోవాలని ఒక్కదానికీ తోచలేదు. ఓలమ్మో, పడీ పడీ నవ్వాను. నవ్వాక కడుపు మండింది.

"ఏటయ్యా, నా ఓటు నువ్వేసీసినావా?"

"అందరూ వద్దన్నారు, నాను కూడా నొక్కీసినాను. అయినా నువ్వూ నానూ ఒకటి కాదేటి?"

"ఒకటే అయితే నాను నొక్కినా సరిపోయేది కదా."

ఆయన టీవీ సౌండు పెంచాడు. మా అత్త మహాలక్ష్మమ్మ వంటింట్లోంచి, "గిన్నెలొగ్గీసి కబుర్లకి పోతాది. పోనీ, ఆ పీడ వదిలింది," అంది.

కబుర్లే, కాదనను. రోజలిన్ వరండాలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే టీ నా చేతికొస్తుంది. మంచినీళ్లు తెమ్మనేవాళ్లుండరు, చొక్కా ఎక్కడుందని అడిగేవాళ్లుండరు. మా మల్కాపురం వీధిలో కొళాయి వేళ మార్పించాలని అనుకున్నదీ ఆ చాప మీదే. ఎవరి మొగుడు చెయ్యి చేసుకున్నాడో నోరు విప్పకుండానే తెలిసిపోయేదీ అక్కడే. అది ఫోన్లో ఎలా తెలుస్తుంది? పెద్ద ఎన్నికల్లో నన్నొక్కదాన్నే లోపలికి పంపి, ఎవరికి నొక్కావని పైకి అడగడానికి సిగ్గుపడే మా ఆయన, ఈ చాప మీద నా ఓటు మాత్రం టీ తాగుతూ నొక్కేశాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ చాప నాకు కావాలి, అంతే.

కొళాయి దగ్గరా, రేషను దగ్గరా, గాజువాక ఆటోలోనూ శుక్రవారం అందరూ రండని చెప్పేశాం. ఈ కబురుకి ఫోను అక్కర్లేకపోయింది.

శుక్రవారం బియ్యం కడిగి కుక్కర్లో పోసి, "మూడు కూతలకి కట్టీ," అని ఎల్లాజీకి చెప్పాను.

"నానా?"

"నువ్వూ నానూ ఒకటే కదేటి."

వరండా నిండిపోయింది. యశస్విని ఫోను పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది. నేను లేచి నిలబడ్డాను. గొంతు పెంచి అడిగాను.

"మీటింగు ఉండాలన్నోళ్లు సెయ్యెత్తండే!"

పసుపు చేతులు, సబ్బు నీళ్లకి నానిపోయిన చేతులు, గాజులు గలగలమంటూ ఒక్కసారిగా లేచాయి. దించమన్నా దించరే! రోజలిన్ అయితే రెండూ ఎత్తేసింది. నా ఒళ్లు తేలికైపోయింది.

"మరి ఫోన్లో ఓట్లు ఏటి సెయ్యమంతారు పిన్నీ?" అని అడిగింది యశస్విని.

"ఉంచమ్మా. అవి మా మగోళ్ల ఓట్లు. ఆళ్లకి మీటింగులొద్దంట, ఆళ్లని పిలవకు," అని చాప మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాను.