నిండు టాంకు

ఆ పొద్దున ఆకాశం వాన కురిపించనూ లేదు, మబ్బు విడవనూ లేదు. ఊరికే మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. ఇలాంటి ఆకాశమంటే పెద్దల్లుడికి ఒళ్ళుమంట. ఇంటి దగ్గరైతే గింజలు ఎత్తాలో ఆరనివ్వాలో తేలక సగం రోజు దానికిందే పాడైపోతుంది. ఈ పరాయి దేశంలో ఎత్తడానికి గింజలు లేవు. అయినా అద్దె గది కిటికీలోంచి తల బయటపెట్టి మళ్ళీ మళ్ళీ చూశాడు.

వెనక వంటింట్లో అల్లుళ్ళ భార్యలైన అక్కాచెల్లెళ్ళిద్దరూ చీకటుండగానే లేచి పొయ్యి ముట్టించారు. వాళ్ళ ఒక్కగానొక్క తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. ఓడెక్కి రెండేళ్ళు దాటింది. ఆ ఓడ వీళ్ళ దేశం వైపు రానే రాదు. ఈ రేవులో ఒక్క రోజు ఆగుతుందని తెలిసే పెద్దల్లుడు, అతని భార్య, చిన్నల్లుడు, అతని భార్య ఈ ప్రయాణం పెట్టుకున్నారు. సాయంత్రం ఓడ కదిలిపోతుంది. ఓడ పనివాళ్ళని రేవు గేటు బయటికి వదిలేది మధ్యాహ్నం రెండింటి దాకానే.

"ఓడంతటికీ వండిపెడతాడు. వాడికి వండిపెట్టే దిక్కేది? ఈ ఒక్క పూటైనా వాడు కూర్చోవాలి, మనం వడ్డించాలి" అంది పెద్దల్లుడి భార్య, గిన్నె మూత బిగిస్తూ.

"ఏడిస్తే వాడు తిన్నాక ఏడుద్దువులే అక్కా. ఇప్పుడే మొదలెడితే కూరలో ఉప్పెక్కువవుతుంది" అంది చెల్లెలు.

కారు అద్దెకు తీసుకున్నది చిన్నల్లుడు. ఆఫీసు మనిషి, ఇంగ్లీషు వచ్చినవాడు, తోలేదీ అతనే. తాళం ఇచ్చేటప్పుడు కౌంటరులో అమ్మాయి ఒకే మాట రెండుసార్లు చెప్పింది. టాంకు నిండుగా ఇస్తున్నాం, నిండుగానే తెచ్చివ్వాలని. చిన్నల్లుడు ఆ మాట తెలుగులో చెప్పగానే పెద్దల్లుడు ఆ అమ్మాయికి మాటిస్తున్నట్టు గట్టిగా తల ఊపాడు. అతని ఇంట్లో ఒక పద్ధతుంది. పక్కింటి నుంచి గిన్నెడు బియ్యం బదులు తెస్తే, తిరిగిచ్చేటప్పుడు గిన్నెమీద గుట్టకట్టి, నాలుగు గింజలు జారి కింద పడేదాకా పోసి ఇవ్వాలి. అంచుకి సరిగ్గా కొలిచి ఇచ్చారన్న మాట అతని గడప మీదికి ఎన్నడూ రాలేదు.

రేవు దారిలో సగం కూడా పోకముందే కారులో పెట్రోలు అయిపోతోందని ఎర్రదీపం వెలిగింది.

"రెండు రోజులు ఊరంతా తిరిగాం కదా, తాగేసింది" అన్నాడు చిన్నల్లుడు. "ఇప్పటికి కాస్త పోయించుకుని పోదాం అన్నయ్యా. నింపడం సంగతి తిరిగొచ్చేటప్పుడు చూద్దాం."

"కాస్తేంటి తమ్ముడూ? ఆగడం ఎలాగూ ఆగుతున్నాం. పోసేదేదో ఒక్కసారే పోసేద్దాం."

రోడ్డు పక్క బంకులోకి తిప్పి, పంపు పక్కన ఆపి, నలుగురూ కారులోనే కూర్చున్నారు. ఎవరూ రాలేదు. చిన్నల్లుడు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. పక్క పంపు దగ్గర ఒక ముసలాయన తన కారులో తనే పోసుకుంటూ వీళ్ళవైపు తిరిగి, చేతిలో గొట్టం కాస్త పైకెత్తి చూపించాడు.

"మనమే పోసుకోవాలట" అన్నాడు చిన్నల్లుడు, మొహం చిన్నబోయి.

"ఆ ముక్క తెలియకే ఇందాకటి నుంచి పెళ్ళికొడుకుల్లా కూర్చున్నామా! లే, నేను పోస్తాను" అంటూ పెద్దల్లుడు దిగాడు. ఏళ్ళ తరబడి ట్రాక్టరుకి తనే పోసుకుంటున్న చెయ్యి. గొట్టం పెట్టాడు, మీట నొక్కాడు. అంకెలు గిర్రున తిరిగాయి. కాసేపటికి టక్కుమని ఆగిపోయింది.

"నిండింది. రా అన్నయ్యా."

"అప్పుడే ఎక్కడ నిండుతుంది? లోపల గాలి నిలబడి ఉంటుంది." మళ్ళీ నొక్కాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్. "చూశావా, మోసం! సగంలోనే ఆగేటట్టు పెట్టారు దీన్ని."

"అది ట్రాక్టరు కాదు అన్నయ్యా."

"ఏదైతేనేం? నోరున్నది ఏదైనా ఒకటే. దిగండమ్మా, మీరిద్దరూ కూడా దిగండి. బండిని నాలుగు ఊపులు ఊపితే గాలి పోతుంది."

"నిండిందంటున్నాడు కదండీ, వచ్చెయ్యండి" అంది భార్య. అయినా దిగింది.

పెద్దల్లుడు ఒకవైపు, తప్పక చిన్నల్లుడు ఇంకోవైపు పట్టుకుని కారుని ఊపారు. పక్కనున్న ముసలాయన పోసుకోవడం మానేసి చూస్తున్నాడు.

"ఊయల బాగానే ఊపుతున్నారు బావా, జోల కూడా పాడనా?" అంది మరదలు.

పైన కప్పులో ఎక్కడో ఉన్న స్పీకరులోంచి ఒక ఆడగొంతు అర్థంకాని భాషలో గదమాయించింది. పెద్దల్లుడు తల ఎత్తలేదు. గొట్టం మొనతో చుక్కచుక్కగా పోస్తున్నాడు. చివరికి టాంకు గొంతులో పెట్రోలు తళుక్కుమని కనబడింది. అప్పుడు అతని మొహంలో ఆ పొద్దుటి నుంచి లేని తృప్తి కనబడింది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండకపోను. కానీ చెయ్యి ఊరుకోలేదు. గుట్ట కట్టాలి కదా! ఇంకొక్కసారి నొక్కాడు. అది భళ్ళున పొంగి, కారు పక్కనుంచి జారి, అతని కుడికాలూ చెప్పూ తడిపి, నేలమీద పారింది.

లోపలి కొట్టులోంచి బంకామె పరుగున వచ్చింది. బకెట్టులోంచి ఇసుకలాంటి పొడి తెచ్చి నేలమీద చల్లింది. చల్లుతూనే తిట్టింది. తిట్లని తెలుగులో చెప్పాల్సిన పని చిన్నల్లుడికి పడలేదు. అతను లోపలికెళ్ళి డబ్బు కట్టి తిరిగొచ్చి, స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాడు.

కారు గరగరలాడింది. అంటుకోలేదు.

మళ్ళీ తిప్పాడు. దగ్గు పట్టిన ముసలిదానిలా మూలిగి ఊరుకుంది.

"నిండా తాగించావు కదా, లేవలేకపోతోంది" అన్నాడు చిన్నల్లుడు పళ్ళ మధ్య నుంచి.

"పెట్రోలు లేక ఆగిన బండిని చూశాను గానీ, ఉండి ఆగినదాన్ని ఇదే చూడటం" అని గొణిగాడు పెద్దల్లుడు.

బంకామె చేతులు విసురుతూ పంపు దగ్గర్నుంచి బండి తీసెయ్యమంది. నలుగురూ కలిసి గోడ పక్కకి తోశారు. అద్దె ఆఫీసుకి ఫోను చేస్తే మిషను గొంతు ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, ఆ తర్వాత పాట పెట్టింది. పాట అయిపోయాక అదే పాట మళ్ళీ పెట్టింది.

ఇంతలో పెద్దల్లుడి భార్య చేతిలో ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, గేటు బయట నించున్నా. ఎక్కడిదాకా వచ్చారు?"

"బంకు దగ్గరున్నాంరా. వచ్చేస్తున్నాం."

కాసేపటికి మళ్ళీ మోగింది. "ఇంకా బంకు దగ్గరేనా? బావ ఏం చేస్తున్నాడు, నూతిలోంచి తోడుతున్నాడా?"

ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఫోను పెట్టేసి అన్నం సంచీ ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుంది. భర్త వైపు చూడలేదు. పెద్దల్లుడికి అదే ఎక్కువ బాధ. నోరు విప్పి నాలుగు మాటలంటే తనూ నాలుగనేవాడు, లెక్క సరిపోయేది. బానెట్టు ఎత్తించి చూశాడు. లోపలంతా నల్లటి మూత. ఇంజను మొహం కూడా కనబడకుండా కప్పెట్టారు. ఎక్కడ తట్టాలో, ఏది ఊదాలో తెలియలేదు. కాలినుంచి పెట్రోలు వాసన గుప్పుగుప్పుమంటోంది. మబ్బు పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది.

చిన్నల్లుడు పది నిమిషాలకోసారి తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఆఖరికి కోపం నెత్తికెక్కి, "చావు మరి!" అని యాక్సిలేటరుని నేలకి ఆనేటట్టు తొక్కిపట్టి తిప్పాడు. కారు ఒక్కసారి పొలికేక పెట్టి, వెనక నల్లగా పొగ కక్కి, లేచి కూర్చుంది. ఎందుకు ఆగిందో తెలియనట్టే ఎందుకు లేచిందో కూడా ఎవరికీ తెలియలేదు. అడిగే తీరికా లేదు. పరుగెత్తి ఎక్కారు.

దారంతా పెద్దల్లుడి కన్ను పెట్రోలు ముల్లు మీదే ఉంది. అది నిండులో నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది, రవ్వంత కూడా కదల్లేదు. చూస్తున్నకొద్దీ దాన్ని పీకి పారెయ్యాలనిపించింది.

రేవు గేటు చేరేసరికి రెండు దాటింది, కాపలావాడు కటకటాలు వేసేసి ఉన్నాడు. చిన్నల్లుడు బతిమాలాడు, దండం పెట్టాడు, అన్నం సంచీ ఎత్తి చూపించాడు. కాపలావాడు జాలిగానే చూశాడు కానీ, చేతి గడియారం మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు.

ఫోను మోగింది. ఆవిడ స్పీకరు పెట్టింది.

"అక్కా, ఆఖరిదాకా నించున్నా. లోపలికి తోలేశారు. ఇప్పుడు ఓడ పైకెక్కి చూస్తున్నా. క్రేన్లు అడ్డం. నువ్వు కనబడట్లేదు."

"ఇక్కడే ఉన్నాన్రా. ఎర్రచీర."

"ఊహూ. కనబడట్లేదు. ఏం వండావు?"

"అన్నం. పప్పు. నీకిష్టమని వంకాయ కూర. చెల్లి పాయసం చేసింది."

"వంకాయ కాస్త మాడ్చావా, నువ్వెప్పుడూ మాడుస్తావే, అట్లా?"

"ఆ. మాడ్చాను."

"సరే అక్కా. పొయ్యి దగ్గరికి పోవాలి, వీళ్ళకి వండాలి. బావనేమీ అనకు."

ఫోను ఆగిపోయింది. పెద్దల్లుడు గేటు ఊచలు పట్టుకుని అటే చూస్తూ నించున్నాడు. ఇనుప పెట్టెల గుట్టలు తప్ప ఏమీ కనబడలేదు.

గేటు ఎదురుగా సిమెంటు అరుగు ఒకటుంది. ఆవిడ వెళ్ళి దానిమీద కాగితం పళ్ళాలు పరిచింది. నాలుగు తీసింది. ఐదోది సంచిలోనే ఉండిపోయింది. అందరూ వచ్చి కూర్చున్నారు.

ముందు భర్తకి వడ్డించింది. ఒక గరిటె అన్నం పెట్టింది. ఇంకో గరిటె పెట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టబోయి ఆవిడ మొహం చూసి తీసేశాడు. ఆవిడ ఆగలేదు. అన్నం గుట్ట కట్టింది. దానిమీద పప్పు పోసింది. తమ్ముడి కోసం విడిగా తీసి పెట్టిన గిన్నె తెరిచి, వంకాయ కూరంతా అడుగుదాకా గీకి ఆ గుట్టమీద వేసింది. మెతుకులు అంచు దాటి జారి అతని ఒళ్ళోనూ నేలమీదా పడ్డాయి. అప్పుడు గరిటె పక్కన పెట్టింది.

పెద్దల్లుడు తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. రేవు లోపల ఓడ ఒకటి కూత పెట్టింది. అక్కాచెల్లెళ్ళు తలెత్తి, మళ్ళీ దించుకున్నారు. సగం కూడా తినకముందే అతని ముద్దలు చిన్నవయ్యాయి. అయినా ఆపలేదు. చిన్నల్లుడు ఎటో చూస్తూ చెయ్యి చాచి, ఆ గుట్టలోంచి పెద్ద పిడికెడు తీసి తన పళ్ళెంలో వేసుకున్నాడు. కాసేపాగి ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

నలుగురూ తిన్నారు. పెద్దల్లుడి కుడికాలి నుంచి పెట్రోలు వాసన ఇంకా వస్తూనే ఉంది.