నూకరత్నం బండి నెత్తిన నేను

నేను ఒక సోలార్ ప్లేటును. ప్యానెల్ అనాలని చదువుకున్నవాళ్ళు దిద్దుతారు గానీ, నన్ను ఏరికోరి తెచ్చుకున్నవాళ్ళు ప్లేటనే పిలిచారు, నేనూ ఆ పిలుపుకే పలుకుతాను. మేడల మీద పడుకున్న నా తోబుట్టువులు పుట్టిన దగ్గర్నుంచి ఒకే వీధిని చూస్తూ ముసలివాళ్ళవుతారు. నేనలా కాదు. నిర్మల్ దగ్గర గోదావరి దాటాను, పెన్‌గంగ దాటాను, పరాయి రాష్ట్రం ఎండ రుచి చూశాను. గొప్పలు పోతున్నానంటారా, పోతాను మరి.

ఇసుక నా పుట్టిల్లు. కొలిమిలో కరిగి, పలచని బిళ్ళలుగా తెగి, అద్దం కింద వరుసగా సర్దుకుని, అల్యూమినియం చట్రం తొడుక్కుని లోకంలోకి వచ్చాను. ఈ మనుషులు భలేవాళ్ళు. ఎండ తగలకూడదని కప్పు వేసుకుంటారు. ఎండ తాగే నన్ను తెచ్చి ఆ కప్పు మీద బిగిస్తారు. నేనిచ్చిన కరెంటుతో ఫ్యాను తిప్పుకుంటూ, పాడు ఎండలని సూర్యుణ్ణి తిడతారు.

నన్ను కొన్నవాడు గవర్రాజు. తాడేపల్లిగూడెం నుంచి నాగపూర్‌కి బియ్యం లోడు తోలి తోలి జుట్టు నెరిసిన లారీ డ్రైవరు. ఆయన భార్య నూకరత్నానికి మొగుడంటే ఏళ్ళ తరబడి ఫోన్లో గొంతే. "హింగన్‌ఘాట్ నుంచి మాట్లాడుతున్నా" అనేవాడాయన. "అక్కడ ఎండగా ఉందాండీ?" అని అడిగేదామె. అంతకు మించి ఏమడగాలో ఆమెకు తోచేది కాదు. ఆయన స్టీరింగ్ వదిలేశాక, ఏ ఊరు చూస్తావంటే కాశీ అనలేదు, తిరుపతి అనలేదు. "మీరు ఫోన్ చేసిన చోటు చూడాలండీ" అంది.

గవర్రాజు పాత మినీ లారీ ఒకటి కొని, బెజవాడ ఆటోనగర్‌లో దాని వెనక గది కట్టించాడు. మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు. ఆ ఫ్రిజ్జు లేనిదే ప్రయాణం లేదు. ఆమెకు షుగరు. ఇన్సులిన్ చల్లగా ఉంచగలిగితేనే వెళ్ళండి, లేదంటే ఇంట్లోనే ఉండండని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. అందుకే ఇద్దరూ నా కోసం తాడేపల్లిగూడెంలో మస్తాన్ దుకాణానికి వచ్చారు.

లారీ మనిషికి పెద్దదంటే మోజు కదా, గవర్రాజు కన్ను తలుపంత ప్లేటు మీద పడింది. అది పెడితే గది కప్పుకి ఉన్న గాలి కిటికీ మూసుకుపోతుందన్నాడు మస్తాన్. చాపలా వంగే పలచటిది చూపించాడు గానీ, రేకుకి అతికిస్తే వేడికి నీరసపడుతుందని తనే చెప్పాడు. అప్పుడు నూకరత్నం నా దగ్గరకొచ్చి, కుండను కొట్టి చూసినట్టు వేలి కణుపుతో నా అంచు మీద కొట్టింది.

"ఇది తీసుకోండి. కింద సందుంచి బిగిస్తే గాలాడుద్ది. కిటికీ కూడా మూసుకుపోదు."

అంతమందిలో నన్ను ఎంచింది ఆవిడ. ఆ గర్వం నాకు ఇప్పటికీ దిగలేదు.

"దీని మీద నీడ పడనీకండి. కాస్త పడినా మొత్తం డీలా పడిపోద్ది" అన్నాడు మస్తాన్. చెట్టు కింద బండి ఆపే అలవాటు ఈరోజుతో బందని గవర్రాజు ఒట్టేశాడు.

నా వెంటే నేమ్ బోర్డు వచ్చింది. ఆయన తోలిన లారీలన్నిటి మీదా ఓనర్ల పిల్లల పేర్లే. ఇన్నాళ్ళకు సొంత బండి. రేకు కమాను, రెండు నెమళ్ళు, నడుమ ఎర్రటి అక్షరాలతో 'నూకరత్నం'. దాన్ని క్యాబిన్ మీద ఠీవిగా నిలబెట్టి, దాని వెనకే నన్ను బిగించాడు. "ఏంటండీ ఈ ఆర్భాటం" అని ఆమె కసిరింది గానీ, తిరిగి తిరిగి చూసుకుంది.

మాఘమాసంలో బయల్దేరాం. బండి నడిచినంతసేపు ఇంజను కూడా బ్యాటరీ నింపింది కాబట్టి నేనిచ్చే కరెంటులో లోటు ఎవరికీ తెలియలేదు. నిర్మల్ దాటాక పాత స్నేహితుడు లచ్చన్న చేను దగ్గర కొన్నాళ్ళు ఆగారు.

"నీడకు వెట్టరాదే అన్నా" అని లచ్చన్న వేపచెట్టు చూపించాడు.

"మా ప్లేటుకి నీడ పడదు తమ్ముడూ" అని గవర్రాజు మీసం దువ్వి, బండిని దక్షిణం మొహంగా నట్టెండలో నిలిపాడు. ఊళ్ళో చెట్లన్నిటినీ తప్పించుకుని, నీడను నెత్తిన మోసుకు తిరుగుతున్న సంగతి ఆయనకు తట్టలేదు. నాకా, నోరు లేకపోయె!

మర్నాడు ఫ్రిజ్జు ఆగిపోయింది. నూకరత్నం మందు సీసాలను తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టింది. గవర్రాజు పైకెక్కి నా చట్రం మీద అరచేత్తో చరిచాడు. "ఆ మస్తాన్ దొంగ సరుకు అంటగట్టాడు" అన్నాడు. ఎండ ఎంత కాచినా నొప్పి తెలియని నాకు ఆ మాట గుచ్చుకుంది.

"ఇంటికెళ్ళిపోదాం రత్నం. నీకంటే ఊళ్ళెక్కువా?" అన్నాడు కిందికి దిగి.

ఆమె ముందురోజు నా పక్కన గుడ్డ పరిచి పెట్టిన వడియాలు తీసుకోవడానికి నిచ్చెనెక్కింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ ఏరసాగింది. వెనక వైపువి గలగలా ఊడొచ్చాయి. ముందు వైపువి వేలికి జిగటగా అంటుకున్నాయి. ఆమె ఆగింది. వడియాల మీద పడ్డ నీడను చూసింది. అదే నీడ నా మీదికీ పాకడం చూసింది. తలెత్తితే ఎదురుగా బోర్డు మీది నెమలి.

"ఏవండీ, ఇలా రండి. వడియాలకే చాలని ఎండ దీనికెలా చాలుద్దండీ?"

గవర్రాజు ఎక్కి చూశాడు. బోర్డు అంచును అరచేత్తో తడిమాడు. "నీ పేరు నా చేత్తో దించమంటావా?" అన్నాడు.

"ఊళ్ళోకి నా పేరెళ్తే నాకేం ఒరుగుద్దండీ, నేనెళ్ళాలి గానీ!"

ఆయన స్పానరు తెచ్చాడు. బోర్డు దిగిన క్షణాన ఎండ నా మొహం నిండా పడింది. మధ్యాహ్నానికి కింద ఫ్రిజ్జు గుర్రుమంది. ఆ గుర్రు విని నేను పొంగిపోయాను. నూకరత్నం పైకొచ్చి కొంగుతో నా అద్దం తుడిచింది. గవర్రాజు నాకు క్షమాపణ చెప్పలేదు గానీ, ఆ తర్వాత నన్ను తుడిచే పని ఇంకెవరికీ ఇవ్వలేదు. బోర్డును వెనక తలుపుకి బిగించాడు. వెనక వచ్చే లారీలవాళ్ళు ఆ పేరు చదివి హారన్ కొడుతుంటే, ఆవిడ లోపల కూర్చుని నవ్వుకునేది.

పెన్‌గంగ దాటి, నాగపూర్ దారిలోని హింగన్‌ఘాట్ చేరాం. ఆయన ఫోన్ చేసే బూత్ ఇప్పుడు లేదు, అక్కడ టైర్ల కొట్టుంది. ఏం చూపించాలో తెలియక గవర్రాజు కాసేపు తచ్చాడాడు. తర్వాత సరిగ్గా ఆ చోటే నిలబడి, జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు. బండి మెట్టు మీద కూర్చున్న నూకరత్నం ఒళ్ళో ఫోన్ మోగింది. రెండింటిలోనూ ఉన్న చార్జింగు నాదే.

"రత్నం, హింగన్‌ఘాట్ నుంచి మాట్లాడుతున్నా."

ఆమె ఎదురుగా ఆయన్నే చూస్తూ, ఎప్పటిలాగే అడిగింది. "అక్కడ ఎండగా ఉందాండీ?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

"ఉందే. మనిద్దరికీ సరిపోయేంత ఉంది."