వాడిన పట్టీ

ఆ వేరుశనగ పిండి మిల్లులో ఆయన్ని అందరూ ముక్కు మామ అనేవాళ్లు. గింజల్లో బూజు వాసనను ఇట్టే పట్టేసేవాడు మరి. తర్వాత అరచేతిలో ఇమిడే మీటరొకటి వచ్చింది. పిండి కలిపిన ద్రావణం ఒక చుక్క సన్నటి పట్టీ మీద వేసి మీటరులో గుచ్చితే, పారే కరెంటును బట్టి బూజు విషం ఎంతుందో అంకె చెప్పేది. పదిలోపైతే సరుకు అమ్మకానికి, దాటితే పూడ్చే గుంటలోకి.

పట్టీ ఒక్కసారికే అని డబ్బా మీద రాసే ఉంది. కానీ మామ టీ పొడిని కూడా రెండుసార్లు మరిగించే రకం. పట్టీని స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ గుచ్చేవాడు. "ఒక్క పట్టీతో పది పరీక్షలు పిండుతాను, చూస్తూ ఉండండి," అని గొప్పలు పోయేవాడు. వద్దన్నవాడు ఒక్కడూ లేడు. రెండు నెలల కింద ఒక లోడు వాసన తేడాగా అనిపించింది. మీటరు నాలుగు చూపించింది. ముసలి ముక్కు కంటే మిషనే నయమనుకుని సంతకం పెట్టేశాడు. ఆ లోడులోంచే ఒక సంచి కూతురికి ఇచ్చాడు, మనవరాలి జావకని.

ఇప్పుడా రెండేళ్ల పిల్ల కళ్లు పచ్చబడి ఆసుపత్రి మంచం మీద ఉంది. కాలేయం చెడిందనీ, పిల్ల ఏం తిందో తెలియాలనీ డాక్టరు అన్నాడు. మామ మిల్లుకు పరుగెత్తి, ఆ లోడులోంచి దాచిన నమూనా తీశాడు. తుడిచిన పట్టీ మీద మళ్లీ నాలుగే వచ్చింది. కొత్త పట్టీ తీశాడు. తొమ్మిది వందలు. ఇంకో కొత్తది. మళ్లీ తొమ్మిది వందలే. తుడిచినా పోని పొర పట్టీ మీద పేరుకుని, కరెంటును అడ్డేసి అంకెను తగ్గించింది. కాపలా కాయమంటే కంచే చేను మేసింది, ఏం మనిషయ్యా.

లోడు వెనక్కి రప్పించమని యజమానికి ఫోను చేశాడు. "ఎప్పుడో అమ్ముడైపోయింది మామా. ఈపాటికి తినేసుంటారు," అన్నాడాయన.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి కూతురు ఫ్లాస్కు మూత తీస్తోంది.

"బయటి తిండేమైనా పెట్టావా అని డాక్టరుగారు ఒకటే అడుగుతున్నారు నాన్నా. నా బిడ్డకు బయటిదెందుకు పెడతాను? నువ్వు పరీక్ష చేసిన పిండి తప్ప ఇంకేమీ ముట్టనివ్వలేదన్నాను. పొద్దుటినుంచి పిల్ల ఏమీ తినలేదు, అందుకే కాస్త జావ కాచి తెచ్చాను."

మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పరీక్ష చెయ్యలేదమ్మా," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. తల్లి చేతిలోని చెంచా వైపు చూస్తూ పిల్ల నీరసంగా నోరు తెరిచింది.