లేనని చెప్పు

ముత్తక్క వరండా తుడుస్తుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి దిగిన మనిషి మాట వినగానే తన పని వచ్చిందని ఆమెకు తెలిసిపోయింది. సత్తుపల్లికి ఇవతల, అడవి అంచున ఉన్న ఆ ప్రైవేటు ఆస్పత్రిలో ఆమె పేరుకు ఆయా. ఊడ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమెను ఇన్నేళ్ళుగా అట్టిపెట్టుకున్నది కోయ మాట వచ్చినందుకే. జ్వరమొచ్చినవాళ్ళను చేర్చుకోవడానికి నర్సుల తెలుగే సరిపోతుంది. మొండి జబ్బులవాళ్ళను తిప్పి పంపడానికే ముత్తక్క కావాలి. డాక్టర్ లేడు, ఖమ్మం పోండని అమ్మ నేర్పిన భాషలో చెప్పీ చెప్పీ ఆమె నోరు బండబారింది.

ఆ వచ్చినవాడు హేమ్లా. కూతుర్ని బెంచీ మీద ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి, ఊపిరికి డొక్కలు ఎగిరిపడుతున్నాయి. ఆ చుట్టుపక్కల ఆక్సిజన్ ఉన్నది ఇక్కడొక్కచోటే.

ముత్తక్క పిల్ల పాత రిపోర్టులు పట్టుకొని లోపలికి వెళ్ళింది. ప్రభాకర్ డాక్టరు ఇడ్లీ తింటూ వాటిని ఎడమచేత్తో తిరగేశాడు.

"సికిల్ సెల్ రక్తజబ్బు, దానికి తోడు గుండెల రంధ్రం. మన దగ్గర పోతే పేరు పోతది. లేనని చెప్పు."

"ఆక్సిజనన్నా పెట్టుండ్రి సారూ. దారిల ఆగదు."

ఆయన నర్సును చట్నీ అడిగాడు. ఛీ, ఏం మనిషి! వెనక గోడ మీది ఫోటోలో సేవా పురస్కారం అందుకుంటూ నవ్వుతున్నాడు కూడాను. ముత్తక్క రిపోర్టులు తిరిగి తీసుకుంది. ఆయన మీదకన్నా తన నోటి మీద ఎక్కువ రోత పుట్టింది.

బయటికొచ్చి హేమ్లా ముందు గొంతుక్కూచుంది. కోయలోనే చెప్పింది.

"డాక్టర్ లోపల్నే ఉన్నడు. సూడనంటుండు."

"ఉండీనా?" అన్నాడతను.

అవ్ అంది. అతను తిట్టలేదు. పిల్లను భుజాన వేసుకొని అద్దాల తలుపు ముందు నిలబడి ఒంటిచేత్తో దండం పెట్టాడు. లోపల ఎవరో కర్టెన్ లాగారు. ఆటో వెళ్ళిపోయింది.

పంపినవా అని డాక్టరు అడిగాడు. పంపిన అంది. ఆయనకు కోయ రాదు గనక, ఆమె ఏం చెప్పిందో ఆయనకు ఎన్నటికీ తెలియదు.

ఎండెక్కాక ఆటో తోలే పూల్‌సింగ్ తిరిగొచ్చి, పిల్ల సత్తుపల్లి చేరకముందే పోయిందని గేటు బయటినుంచే చెప్పాడు. వినబడనట్టు నర్సు లోపలికి నడిచింది. ముత్తక్క బెంచీ వైపు చూసింది. పిల్లకు పట్టించడానికి హేమ్లా తెచ్చి మరిచిపోయిన జావ సీసా, మూతకు బదులు ఆకు కుక్కి ఉంది, ముట్టుకుంటే ఎండకు వేడిగా ఉంది.