బొట్టు పెట్టిన మోడెమ్

బొట్టు తుడవడానికి వీల్లేదని పుణ్యవతి మళ్లీ అనేసరికి, కిరణ్మయి చేతిలోని గుడ్డ బల్ల మీద పడేసింది. నిన్న శుక్రవారం కొత్త కంప్యూటరుకి పూజ చేస్తూ, మూత తీయించి మరీ లోపలి భాగాలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టింది తల్లి. మోడెమ్ కార్డుకి పెట్టిన బొట్టయితే మరీ పెద్దది. ఫోన్ తీగ తగిలేది దానికే, కూతురి ఉద్యోగం ఇంట్లోకి వచ్చేదీ ఆ దారినే అని ఆవిడ నమ్మకం.

"విండోస్‌లో బాగానే పనిచేస్తోందిగా? బాగున్నదాన్ని వెనక్కిస్తానంటావేంటమ్మా?" పేపరు మడుస్తూ అన్నాడు సుబ్రహ్మణ్యం.

అదే కిరణ్మయి నాన్నకి చెప్పలేక చస్తున్న సంగతి. మాదాపూర్‌లోని కంపెనీ వాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. కాకపోతే కంప్యూటరు విండోస్ బదులు లినక్స్ అనే వేరే సిస్టమ్ మీద నడవాలి, సోమవారానికల్లా ఫోన్ లైను ద్వారా వాళ్ల కంప్యూటరుని అందుకోవాలి. నాన్న ఒప్పుకున్నదీ గడప దాటక్కర్లేదనే. శేరిలింగంపల్లి నుంచి బస్సులు మారి, ఆ బండరాళ్ల మధ్య కట్టిన భవనాలకి ఆడపిల్ల వెళ్లిరావడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు.

షాపులో ఆమె అడిగింది విడిగా బల్ల మీద ఉండే మోడెమ్. ఇంకో డబ్బా దేనికని, లోపల ఇమిడిపోయేదాన్ని చవకలో బేరమాడాడు నాన్న. విండోస్‌లో అది కీచుమని కూసి లైను అందుకుంది. లినక్స్‌లో మాత్రం నిన్న సాయంత్రం నుంచి ఎన్ని విధాల పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. కంపెనీలో రామ్మోహనరావుగారిని అడిగితే విషయం తేలింది. ఆ చవక కార్డుల పనిలో సగం విండోసే చేసిపెడుతుందట. లినక్స్ దగ్గర అవి ఉత్త రేకుముక్కలట. వేరే మోడెమ్ తెచ్చుకోమన్నాడాయన, లేదా ఆఫీసుకే వచ్చి చెయ్యమన్నాడు. సోమవారం దాటితే ఆ చోటు ఇంకొకరికి.

కిరణ్మయి కార్డులోంచి తీగ లాగి ఫోనుకి తగిలించింది. షాపు నంబరు తిప్పింది. షాపు రాజయ్య అంతా విని, మార్చిస్తానన్నాడు.

"గని, బొట్టు గిట్ట పెట్టిన్రా అమ్మా? పెడితే వాపస్ తీస్కోను. ఎవరో వాడిందని మళ్ల ఎవ్వరూ కొనరు."

కిరణ్మయి కార్డుకేసి చూసింది. తడిగుడ్డతో ఒక్క తుడుపు చాలు. తల్లి గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తోంది. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"పెట్టామండీ" అంది కిరణ్మయి, ఫోను పెట్టేసింది.

సంగతి విని, ఇంకో మోడెమ్ వచ్చే నెల చూద్దాంలే, అందాకా కంపెనీ వాళ్లని ఆగమను అనేసి సుబ్రహ్మణ్యం స్నానానికి వెళ్లాడు. ఆగరని ఆయనకెలా చెప్పడం? స్నానాలగదిలో నీళ్ల చప్పుడు వింటూ ఆమె ఫోను పక్కనే కూర్చుంది. ఆ చప్పుడు ఆగేలోగా మాట్లాడాలి. రెండుసార్లు రిసీవరు ఎత్తి దించేసింది. మూడోసారి రామ్మోహనరావుగారి నంబరు కలిపింది.

రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మ అనసూయమ్మ పప్పులో ఉప్పు చాలలేదని సణిగింది. పుణ్యవతి ఉప్పు డబ్బా తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"నీ మిషనుకి దిష్టి తగిలిందే పిల్లా. అంత చక్కగా బొట్టెడితే తగలదూ?" అంది నాయనమ్మ.

"బొట్టు తుడవనులే అమ్మా, అలాగే ఉండనీ" అంది కిరణ్మయి. మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "సోమవారం నుంచి మాదాపూర్ ఆఫీసుకే వస్తానని చెప్పేశాను నాన్నగారూ. పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళతాను."